గంగానమ్మ నుయ్యి, పాపాయమ్మ మోకాళ్ళు

మా ఇంట్లో ఉన్న తెలివి ఊరందరికీ పంచినా ఇంకా మిగుల్తుందని పాపాయమ్మ గొప్పలు పోయేది. కొడుకులు పోలయ్య, సత్తెయ్య ఔనౌనని తలలూపేవారు. మరి ఎండకి కందిపోతుందని గుమ్మడికాయకి గొడుగు పట్టిన ఇల్లు కదా అది!

అలాంటి పాపాయమ్మకి మోకాళ్ళు పట్టేశాయి. ఆర్నెల్లుగా మంచం దిగలేదు. కొడుకులు ఉడకని పప్పు, మాడిన అన్నం తిని చిక్కిపోయారు. గంగానమ్మ నూతి నీళ్ళు తగిలితే కుంటివాడు కూడా పరిగెడతాడని ఎవరో చెప్పారు. ఇంకేముంది, అమ్మని మంచం మీదే మోసుకుపోయారు.

పూజారి చూశాడు. "పాపం, నడవలేదు కదా, మంచం మీంచి దించకుండా మెట్ల దాకా తీసుకెళ్ళండి. మూడు మునకలు వేయించండి. అయ్యాక వెనక్కి తిరిగి చూడకుండా ఇంటికి పోవాలి, అదీ ఇక్కడి ఆచారం" అన్నాడు.

అంతే! మంచంతో సహా ముంచేశారు.

"ఒరే, నన్ను దించి ముంచండిరా!"

"దించకూడదన్నాడమ్మా పూజారి" అన్నాడు పోలయ్య. ఆ తెలివికి పాపాయమ్మ నీళ్ళు కక్కుతూనే మురిసిపోయింది.

మూడో మునక కాగానే మంచం ఒడ్డున పెట్టి, అన్నదమ్ములు ఇంటిదారి పట్టారు.

"ఒరే సన్నాసుల్లారా, నన్నొదిలేసి పోతారేంట్రా!"

"అన్నయ్యా, అమ్మ పిలుస్తోంది" అన్నాడు సత్తెయ్య.

"తిరిగి చూశావంటే మోకాళ్ళు మళ్ళీ పట్టేస్తాయి. నడు!"

పాపాయమ్మకి ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలో మంచం దిగి, కొంగు బిగించి, ఒక్క పరుగున వచ్చి ఇద్దరి ముందూ నిలబడింది.

పోలయ్య ఆవిణ్ణి ఎగాదిగా చూశాడు. "ఎవరమ్మా నువ్వు? అచ్చం మా అమ్మలాగే ఉన్నావే!"

"నేనేరా మీ అమ్మని!"

"మా అమ్మ నడవనే లేదు. నువ్వేమో పరిగెత్తావు. మాకే చెవిలో పూలు పెడతావా?"

పాపాయమ్మ ఆలోచనలో పడింది. మోకాళ్ళు వంచి చూసుకుంది. "నిజమేరోయ్. పాపాయమ్మకి ఇలా వంగవు. మరి ఆవిడేదీ?"

"నూతిలోనే ఉండిపోయింది కాబోలు!" సత్తెయ్య ఘొల్లుమన్నాడు.

వెనక్కి తిరగకూడదు కదా! అన్నదమ్ములు మొహాలు ఇంటివైపే పెట్టి, వెనకడుగులు వేసుకుంటూ నూతి దగ్గరికి చేరారు. పాపాయమ్మ తొంగిచూసి, "ఒసే పాపాయమ్మా, ఉన్నావుటే?" అని కేకేసింది.

"ఉన్నావుటే..." అంది నుయ్యి.

"అమ్మ గొంతే!" అని ఇద్దరూ గంతులేశారు.

పాపాయమ్మకి కళ్ళనీళ్ళు తిరిగాయి. "ఎంత నీరసంగా పలుకుతోందో పిచ్చిది! మీరుండండి నాయనా, మోకాళ్ళ నొప్పి మనిషి, మెట్లెక్కలేదు. నేనే ఎత్తుకొస్తాను" అని గబగబా నూతిలోకి దిగిపోయింది.