ఏ స్టేషన్ దాకా వచ్చింది?

"మేడమ్, ఊపిరాడని మనిషికి ఇక గొంతులోకి ట్యూబ్ వేయక తప్పదన్న సంగతి డాక్టరు కంటే ముందు నర్సుకే తెలియాలంటారు. ఎలా తెలుస్తుంది?"

అడిగిన అమ్మాయి హైమ, నర్సింగు మూడో ఏడు చదువుతోంది. అడిగింది దీనమ్మ సిస్టర్‌ని. ముప్పై నాలుగేళ్ళుగా ఆ వార్డులో రోగులను చూస్తూ, హైమ లాంటి వాళ్ళకు పని నేర్పుతూ వచ్చిన మనిషి ఆవిడ. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పే అలవాటు ఆవిడకు లేదు. ఏదో ఒక పని చెబుతుంది. ఆ ఉదయం కూడా అంతే చేసింది.

"పుస్తకంలో ఏం రాశారు?"

"పదకొండు గుర్తులు మేడమ్. వరసగా అప్పజెప్పమంటారా?"

"వద్దు. ఏడో మంచం మీద ఉబ్బసం పిల్ల ఉంది చూడు, దాన్ని సొంతూరికి రైల్లో ఎలా వెళ్తారో అడుగు. అరగంటకోసారి అడుగు. ఒక్క ఊపిరికి ఎన్ని స్టేషన్లు చెబుతుందో రాసుకో."

ఏడో మంచం మీద పిల్ల మా అమ్మాయి మృణాళిని. ఇంట్లో మిన్ని అంటాం. పదమూడేళ్ళు. మాది ఆమదాలవలస దగ్గర పల్లె. మా ఆయన ఉద్యోగం ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో కాబట్టి పిల్లలు ఇక్కడే పుట్టి, బెంగాల్ నీళ్ళు తాగి పెరిగారు. వాళ్ళకు సొంతూరు ఎక్కడ లేకుండా పోతుందోనన్న భయంతో, ప్రతి వేసవిలో రైలెక్కగానే స్టేషన్ల పేర్లు వరసగా చెప్పించేదాన్ని. ఒకటి తప్పితే మళ్ళీ మొదటి నుంచి. తెల్లవారుజామున ఆసుపత్రిలో చేర్చినప్పుడు దీనమ్మ సిస్టర్ "మీది ఏ ఊరమ్మా?" అని అడిగితే, మిన్ని ఆయాసపడుతూనే ఆ వరసంతా ఎత్తుకుంది. సిస్టర్ ఆపలేదు. చివరిదాకా విన్నది. పిల్లని ముద్దు చేస్తోందనుకున్నాను నేను.

పది గంటలకు హైమ వచ్చి అడిగింది. ఆక్సిజన్ మాస్కు లోపలి నుంచి మిన్ని, "ఖరగ్‌పూర్, బెల్దా, దాంతన్, జలేశ్వర్, బాలాసోర్" అని ఒక్క ఊపిరిలో ఐదు చెప్పి, ఈల లాంటి చప్పుడుతో గాలి పీల్చుకుని, "టికెట్టు ఎవరు కొంటారక్కా?" అంది. పదిన్నరకు మూడు చెప్పగలిగింది. పదకొండుకు రెండే చెప్పింది, వరసలో జలేశ్వర్ ఎగిరిపోయింది. "అదేంటి, మీ బండి జలేశ్వర్‌లో ఆగదా?" అని హైమ ఆటపట్టించింది. మిన్ని నవ్వబోయి ఊరుకుంది. పదకొండున్నరకు ఊపిరికి ఒక్కటే. బాలాసోర్. ఊపిరి. సోరో. ఊపిరి. భద్రక్. హైమ ఆ లెక్క చూపిస్తే దీనమ్మ సిస్టర్ డాక్టరు గారికి కబురు పెట్టింది. ఆయన వచ్చి మందు మార్చి, ఇంకో ఇంజెక్షన్ రాసి, అరగంట చూద్దామన్నారు. "పన్నెండుకు తప్పకుండా అడుగు" అని చెప్పి సిస్టర్ తన బల్ల దగ్గరికి వెళ్ళింది. ఆ బల్ల దగ్గర కూర్చుంటే ఏడో మంచం కనిపిస్తుంది.

పన్నెండు కావస్తుండగా మిన్ని తల నా భుజం మీద వాలింది. ఈల చప్పుడు ఆగిపోయింది. అప్పటిదాకా ఎగిరెగిరిపడిన గుండెలు నెమ్మదించాయి. వేలికి తగిలించిన మిషను మీద ఆక్సిజన్ తొంభై ఆరు అని కనిపిస్తోంది. నేను పొద్దుటి నుంచి ఆ నంబరును పావుగంటకోసారి నోటుపుస్తకంలో రాస్తూనే ఉన్నాను. ఎనభై తొమ్మిది, తొంభై ఒకటి, తొంభై మూడు, ఇప్పుడు తొంభై ఆరు. కళ్ళు మూసుకుని దండం పెట్టుకున్నాను. పిల్లను మెల్లగా దిండు మీదికి ఆనించాను. హైమ అప్పుడే వచ్చింది.

"లేపకమ్మా, నీకు పుణ్యముంటుంది. రాత్రంతా కన్ను మూయలేదు. ఇప్పుడే కునుకు పట్టింది," అన్నాను.

హైమ మనసు మెత్తనిది. కిటికీ ఎండ పిల్ల మొహం మీద పడుతోందని మంచం చుట్టూ కర్టెన్ లాగింది. చార్టులో "ప్రశాంతంగా నిద్రపోతోంది" అని రాసి, ఆ సంతోషం చెప్పడానికి బల్ల దగ్గరికి వెళ్ళింది. అక్కడ జరిగింది తర్వాత హైమే నాకు చెప్పింది. దీనమ్మ సిస్టర్ టీ గ్లాసు చేతిలో పట్టుకుని ఒక్క మాటే అడిగిందట.

"ఏ స్టేషన్ దాకా వచ్చింది?"

"అడగలేదు మేడమ్, నిద్రపోతోంది. నంబరు కూడా బాగుంది."

గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు నాకు కర్టెన్ ఇవతలికి వినిపించింది. అరవై ఏళ్ళకు దగ్గర పడిన మనిషి అడుగుల చప్పుడు అంత వేగంగా నేనెన్నడూ వినలేదు. వచ్చీ రాగానే కర్టెన్ పూర్తిగా తీసేసి, దుప్పటి తొలగించి, మిన్ని పొట్ట మీద అరచెయ్యి ఉంచింది. అప్పుడు చూశాను నేను. మెడ కింది గుంట ఊపిరి ఊపిరికీ లోపలికి పోతోంది. పొట్టా గుండెలూ కలిసి లేవడం లేదు. ఇది లేస్తే అది దిగుతోంది. ఫ్యాను కిందనే ఉన్నా నుదురంతా చల్లని చెమట. అవన్నీ నా కళ్ళ ముందే ఉన్నాయి. నేను నంబరు రాసుకుంటున్నాను.

"మిన్నీ! బండి ఏ స్టేషన్‌లో ఉందమ్మా?"

రెప్పలు సగం లేచాయి. పెదవులు కలిసి విడిపోయాయి. భద్రక్ అనబోయిందని నాకు అర్థమైంది. ఆ మాటకు సరిపడా గాలి రాలేదు.

"డాక్టరు గారిని పరిగెత్తుకు రమ్మను. ట్యూబ్ సామాను తెచ్చెయ్," అని హైమతో అంటూనే సిస్టర్ మంచం తల వైపుకు వెళ్ళింది.

"తొంభై ఆరు ఉంది కదా సిస్టర్!" అన్నాను.

"ఆ తొంభై ఆరు మనం పెట్టిన ఆక్సిజన్‌దమ్మా. పిల్లది కాదు. పిల్ల అలిసిపోయింది."

డాక్టరు గారు వచ్చి స్టెతస్కోపు పెట్టి, రెండు వైపులా విని, తలెత్తి సిస్టర్ వైపు చూశారు. ఈల ఆగింది ఆయాసం తగ్గి కాదు, ఈల వేయడానికి చాలినంత గాలి కూడా లోపల కదలక. మత్తు ఇచ్చే ముందు దీనమ్మ సిస్టర్ పిల్ల చెవి దగ్గర వంగి, "భద్రక్‌లో కాస్త దిగి పడుకో తల్లీ. మళ్ళీ నేనే ఎక్కిస్తాను," అంది. నన్ను బయటికి పంపారు. వరండాలో నిలబడితే, భద్రక్ తర్వాత ఏ స్టేషనో నాకు గుర్తు రాలేదు.

మిన్ని మూడు రోజులు వెంటిలేటర్ మీద ఉంది. ఆ మూడు రోజులూ హైమ తన డ్యూటీ అయిపోయినా ఇంటికి వెళ్ళేది కాదు. ఒకసారి నా దగ్గర కూర్చుని ఏడ్చింది. లేపవద్దన్నది నేనని దీనమ్మ సిస్టర్‌కు చెప్పాను. నా తప్పు హైమ మీద పడకూడదని చెప్పాను. ఆవిడ మిషను గొట్టం సవరిస్తూ, "అలిసిన పిల్లను పడుకోనివ్వమనడం తల్లి పని. అడగడం మా పని," అంది. నన్ను ఇంకేమీ అననివ్వలేదు.

నాలుగో రోజు పొద్దున ట్యూబ్ తీశారు. మిన్ని గొంతు బొంగురుపోయింది. సాయంత్రానికి, ఎవరూ అడగకుండానే, "భద్రక్, జాజ్‌పూర్, కటక్" అంది. ఆగింది. "భువనేశ్వర్, ఖుర్దా రోడ్డు, బాలుగావ్." హైమ పెన్ను తీసుకుని నా నోటుపుస్తకంలో నంబర్ల కిందే రాయడం మొదలుపెట్టింది. బరంపురం, ఇచ్ఛాపురం, సోంపేట, పలాస. ఆమదాలవలస వచ్చేసరికి పక్క మంచాల వాళ్ళు కూడా వింటున్నారు. "దిగండి, దిగండి," అంది మిన్ని. ఆ పేజీ ఇప్పటికీ నా దగ్గరుంది.

ఇంటికి పంపే రోజు దీనమ్మ సిస్టర్ చేతులు రెండూ పట్టుకున్నాను. ఆవిడ నా చేతుల మీద తట్టి, మందుల చీటీ ఒకటికి రెండుసార్లు చదివి వినిపించింది. హైమ పక్కనే ఉంది. మొదటి రోజు ప్రశ్న ఇంకా ఆ పిల్ల మొహంలోనే ఉంది.

"మాట తగ్గడమే గుర్తు అన్నమాట మేడమ్. అదేనా మీరు చెప్పాలనుకున్నది?"

"ఆ రోజు కర్టెన్ ఎందుకు లాగావు?"

హైమ తల దించుకుంది. "ఎండ మొహం మీద పడుతోందని మేడమ్."

"మంచి పనే చేశావు," అంది దీనమ్మ సిస్టర్. "ఈసారి లాగేటప్పుడు నువ్వు లోపలి వైపు ఉండు."