తొంభై ఏళ్ల వైద్యుడు

ఒకానొక రాజ్యంలో గుణాకరుడనే ఆస్థాన వైద్యుడు చిలగడదుంప ఆకు నూరి రాణిగారి ముఖానికి పట్టించి, వయసు వెనక్కి మళ్లుతుందని నమ్మబలికాడు. మందుకు ఆకు కావాలనే వంకతో గవరమ్మ అనే రైతు చిలగడదుంప మడి కాజేయబోయాడు. ఆ మడి పోతే ఆమెకు కూడు లేదు. గవరమ్మ ఏడుస్తూ కూర్చోకుండా నేరుగా కొలువుకు వెళ్లింది.

"అయ్యా, ఈ ఆకు మేం కూర వండుకు తింటాం. ఒంటికి మంచిదే. వయసు తగ్గడం మాత్రం మేమెరగం. తమరు పూసుకుని చూశారా?" అని వైద్యుణ్ణి అడిగింది.

"రోజూ పూసుకుంటాను. చూస్తే యాభై అనుకుంటావు, నాకు తొంభై!" అని వైద్యుడు మీసం దువ్వాడు.

గవరమ్మ రాజుకు దణ్ణం పెట్టింది.

"మహాప్రభూ, డెబ్బై దాటినవాళ్లు కొలువు మానుకోవాలని తమరే చాటింపు వేయించారు. పాపం, ఈ ముసలాయన్ని ఇంకా ఎందుకు కష్టపెడతారు?"

వైద్యుడి ముఖం పాలిపోయింది. "ప్రభూ, నాకు యాభై కూడా నిండలేదు!" అని అరిచాడు.

కొలువంతా గొల్లున నవ్వింది. రాజు అక్కడికక్కడే అతని ఉద్యోగం ఊడబెరికి, గవరమ్మ మడి జోలికి ఎవరూ పోరాదన్నాడు.

రాజు పక్కనే కూర్చున్న రాణిగారు చెంపల మీది పసరు గబగబా తుడుచుకుంటూ, "కూర నిజంగా బాగుంటుందా?" అని మెల్లగా అడిగింది.

"పప్పులో వేస్తే ఇంకా బాగుంటుందమ్మా," అంది గవరమ్మ.