ఒకట్లూ మూళ్లూ నమ్ముకున్న నక్క

వేరుశెనగ పీకేసిన చేలో మిగిలిపోయిన కాయలు ఏరుకుని ఎద్దు, గొర్రె, కోడి వానాకాలానికి దాచుకునేవి. చేనిగట్టు మీద ఒక నక్క ఉండేది. దానికి పంచాంగం చూడటం రాదు గానీ, చూసినట్టు మొహం పెట్టడం బాగా వచ్చు.

"బుట్టలో కాయల లెక్కలో ఒకటీ మూడూ తప్ప వేరే అంకె వస్తే పుచ్చు పడుతుంది," అంది నక్క. "సమంగా కుప్పలొస్తే మీరే తీసుకోండి. రాకపోతే తగువెందుకు, నాకిచ్చేయండి. కుప్పకు ఒక్క కాయే పెట్టడం మాత్రం పంపకం కాదు."

అలాంటి లెక్క ఎప్పటికీ సమంగా తెగదని అది ఏనాడో కనిపెట్టింది. కనిపెట్టాననుకుంది.

మొదటిరోజు పదకొండు కాయలు. రెండేసి పెట్టినా, మూడేసి పెట్టినా ఒకటో రెండో మిగిలాయి. నక్క తినేసింది. తర్వాత పదమూడు, ముప్పై ఒకటి, నూట పదమూడు, నూట ముప్పై ఒకటి. అన్నీ నక్క పొట్టలోకే. కోడిపిల్లలు ఆకలికి ఉత్త మట్టి కెలుకుతుంటే నక్కకు జాలేసేది, తిన్నాక.

ఆరోరోజు గొర్రె బుట్ట తెచ్చింది. "మామా, నూట పదకొండు. ఇవాళ సమంగా వస్తాయి."

"పదకొండే తెగలేదు, నూట పదకొండు తెగుతుందా?"

"ఇందులో ఒకట్లు మూడున్నాయి. మేమూ ముగ్గురం. తలా ఒకటి."

నక్క పొట్ట పట్టుకుని నవ్వింది. "గొర్రెమ్మా, ఉన్ని నీకు బయటే కాదు, బుర్రలో కూడా ఉంది."

"అయితే పందెం," అంది కోడి. "సమంగా వస్తే నువ్వు తిన్నన్ని కాయలూ ఏరివ్వాలి. రాకపోతే మేం ఈ చేలో అడుగుపెట్టం."

"సరే. ఎద్దు సాక్షి," అంది నక్క.

కోడి ముక్కుతో ఒక్కో కాయా మూడు కుప్పల్లో వేసింది. "లాభం, రెండు, మూడు..." అంటూ ముప్పై ఏడుకు వచ్చేసరికి బుట్ట ఖాళీ. మూడు కుప్పలూ సమానం. నక్క బుట్ట తిరగేసి దులిపింది, అందులో తల పెట్టి వెతికింది.

"ముప్పై ఏడా? ఏడు వచ్చింది. పుచ్చు పడుతుంది," అంది బుట్టలోంచే.

"పడనీలే మామా. ఆ పుచ్చువి మేమే తింటాం," అంది ఎద్దు నింపాదిగా.

"నీకెలా తెలిసిందే?" అని నక్క గొర్రె మీద విసుక్కుంది.

"నిన్న సాయంత్రమే పంచి చూసుకున్నాం మామా."

నక్క తోక తొక్కినవాళ్లకు అదృష్టమంటారు. నక్కకు ఎవరి తోక దొరుకుతుంది? పాపం, వారం రోజులు గోళ్లరిగేలా మట్టి తవ్వి రెండొందల తొంభై తొమ్మిది కాయలు ఏరిచ్చింది.

అయిదుసార్లు నెగ్గిన లెక్కనైనా ఆరోసారి వేసి చూసుకోవాలి.