చావు ముందా, ఆకలి ముందా

వామనమూర్తి మాస్టారికి ఒక అలవాటు. అడిగిన ప్రశ్నకు తిన్నగా జవాబు చెప్పరు. ఇంగ్లీషు మాటల పుట్టుపూర్వోత్తరాల మీద ఆయన దగ్గర పాఠం చెప్పించుకుంటున్న నరహరికి అందుకే ఒక్కోసారి ఒళ్లు మండేది.

ఆ పొద్దున నరహరి 'స్టార్వ్' అనే క్రియ దగ్గర ఆగిపోయాడు. ఆకలితో మాడడం, ఆకలికి చావడం అన్నది అందరూ ఎరిగిన అర్థం. వెయ్యేళ్ల కిందట మాత్రం దానికి ఉత్త చావనే అర్థం, ఎలా చచ్చినా సరే. ఆకలి కొన్ని వందల ఏళ్ల తర్వాత గానీ వచ్చి చేరలేదు.

"ఇదేదో తలకిందులుగా ఉంది మాస్టారూ," అన్నాడు. "ఎక్కడైనా ముందు ఆకలి, ఆ తర్వాత కదా చావు?"

మాస్టారు కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. "మగ్గాల వీధిలో మార్కండేయులు పోయాడట. పద, చూసొద్దాం."

నరహరి పాఠానికి వచ్చే దారే ఆ వీధి. అరుగు మీద కూర్చున్న మార్కండేయుల్ని "భోజనమైందా?" అని రోజూ పలకరించేవాడు. "అయింది బాబూ" అనేవాడాయన. ఇద్దరూ మర్యాదస్తులే కాబట్టి మాట అక్కడితో ముగిసేది.

పాడె ఎత్తేముందు పోయినవాడి నోట్లో తలా నాలుగు బియ్యపు గింజలు వేయడం ఆ వీధి ఆచారం. కులపెద్ద లోపలికి చూసి, "బియ్యం తేమ్మా భద్రమ్మా" అన్నాడు. మార్కండేయులు భార్య భద్రమ్మ లేవలేదు. తలుపు పక్కన బియ్యం డబ్బా బోర్లించి ఉంది. అది చూసి వీధి వీధంతా తల దించుకుంది. తర్వాత ఆడవాళ్లు ఇళ్లకు పరుగెత్తి ఎవరి దోసిలి వాళ్లు పట్టుకొచ్చారు. కాసేపటికే చేట నిండిపోయింది. నెల కిందట ఇందులో సగం వచ్చి ఉంటే ఆ మనిషి బతికేవాడని అక్కడ అందరికీ తెలుసు.

నరహరి వంతు వచ్చింది. అతను వేసిన గింజలు మార్కండేయులు పెదవుల మీంచి జారి చాప మీద పడ్డాయి. పక్కనే కూర్చున్న ఆయన చిన్న కూతురు వాటిని ఏరుకుని నోట్లో వేసుకుంది.

"తప్పమ్మా," అంటూ కులపెద్ద ఆ పిల్ల చెయ్యి పట్టుకోబోయాడు.

"తిననియ్యి మామా," అంది భద్రమ్మ. "వాళ్ల నాన్నే పెట్టాడనుకుంటది."

కులపెద్ద చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పిల్ల ఆ పచ్చి బియ్యం నములుతూనే ఉంది.

తిరిగి వస్తూ దారి పొడుగునా నరహరి సిగ్గుతో ఏడ్చాడు. ఇంటి దగ్గరికి వచ్చాక, "రేపట్నుంచి వాళ్లింటికి బియ్యం పంపుతాను మాస్టారూ," అన్నాడు.

మాస్టారి కళ్లు కూడా తడిగానే ఉన్నాయి.

"పంపు," అన్నారు. "ఇన్నాళ్లూ ఎక్కని గడప ఇవాళ ఏ కబురు విని ఎక్కాం నాయనా, నువ్వూ నేనూ? ఆకలిదా, చావుదా?"