తెల్లవాలు మీద జడలమ్మ తీర్పు

అనగనగా ఒక అడవి ఉండేది. మన అడవుల్లా ఎండకు కాగి, ఎండుటాకులు గలగలలాడే అడవి కాదు. ఎత్తైన కొండ మీద, ఏడాదిలో ఆరు నెలలు మంచు కప్పుకుని పడుకునే దేవదారు అడవి.

ఆ అడవిలోని జంతువులన్నీ చలికాలంలో కొండ పైనున్న గుహల్లో ఉండేవి. తిండీ నీళ్ళూ మాత్రం కిందే. కొండ అడుగున ఒక వేడినీటి ఊట ఉండేది. ఎంత చలి వచ్చినా అది గడ్డకట్టదు. దాని కింది మడుగులో చేపలుండేవి, గట్టున పచ్చగడ్డి ఉండేది. పైనుంచి అక్కడికి తొందరగా చేరాలంటే ఒకటే దారి. దాని పేరు తెల్లవాలు. పొడుగ్గా, వెడల్పుగా, పాలమీగడ పరిచినట్టుండే మంచు వాలు. పొద్దున్నే అందరూ దాని మీద జారుతూ దిగేవారు. సాయంత్రం పక్కనున్న రాళ్ళ మెట్ల మీదుగా ఆయాసపడుతూ ఎక్కేవారు.

ఆ వాలుకు పెద్ద జడలమ్మ. ఆమె ఒక ముసలి జడల బర్రె. ఒంటి మీది జుట్టు నేల మీద ఈడ్చుకుంటూ ఉండేది. ఆమె ఎన్నడూ వాలు మీద జారలేదు. ఆమె జారితే కొండ కూడా కలిసి వస్తుందని పిల్లలు నవ్వుకునేవారు. కానీ వాలు మీద ఎవరికి తగువు వచ్చినా తీర్పు ఆమెదే. పన్నెండు చలికాలాలు ఆమె ఆ వాలును కాచింది. ఆ పన్నెండింటిలో ఒక్క ప్రాణం పోలేదు, ఒక్క కాలు విరగలేదు. ఆమెకు వేరే ఆస్తి లేదు. ఆ మాట నిలబెట్టుకోవడమే ఆమె బతుకు.

తీర్పు చెప్పే ముందు జడలమ్మ ఎవరి మాటా వినేది కాదు. నేరుగా వాలు మీదికి నడిచి మంచులో పడ్డ జాడలు చూసేది.

"మీరు చెప్పేది తర్వాత వింటాను. ముందు మంచు ఏం చెబుతుందో విననివ్వండి" అనేది.

ఆ వాలు మీద అందరూ తిన్నగా జారేవారు. బుడుంగయ్య అనే నీటికుక్క పొట్ట మంచుకు ఆనించి, బాణంలా దూసుకుపోయేవాడు. పత్తి అనే తెల్ల కుందేలు చెట్టు బెరడు మీద కూర్చుని సర్రున దిగేది. కొమ్మన్న అనే కొండమేక నాలుగు కాళ్ళూ బిగబట్టి, కళ్ళు మూసుకుని దేవుడి మీద భారం వేసేవాడు.

చామంతి ఒక్కతే వేరు.

చామంతి ఒక నక్క. నక్క అనగానే జిత్తులమారి అని మొహం చిట్లించకండి. ఆమెకు జిత్తులు వేసేంత తీరిక లేదు. ఒక దేవదారు చెక్క మీద అడ్డంగా నిలబడి, ఈ చివర నుంచి ఆ చివరకి, ఆ చివర నుంచి ఈ చివరకి పెద్ద పెద్ద వంపులు తిరుగుతూ దిగేది. చెక్క అంచు మంచును కోసుకుంటూ పోయేది. ఒళ్ళు ఎంత వాల్చేదంటే, తోక మంచును ఊడ్చేది. వెనక సన్నని గీత ఒక్కటే మిగిలేది.

అలా తిరిగేటప్పుడు ఆమెకు ఒక పక్కే కనబడుతుంది. రెండో పక్కకు వీపు ఉంటుంది.

ఆ చలికాలం మూడుసార్లు గుద్దుకున్నారు.

మొదటిసారి పత్తి పైనుంచి వచ్చి చామంతిని గుద్దింది. ఇద్దరూ మంచులో దొర్లారు. రెండోసారి కొమ్మన్న గుద్దాడు. చామంతి భుజం వాచింది. మూడోసారి బుడుంగయ్య వచ్చి నడుం మీద తగిలాడు. చామంతి చెక్క రెండు ముక్కలైంది. ముక్కు నుంచి కారిన రక్తం తెల్లటి మంచు మీద చుక్కలు చుక్కలుగా పడింది.

మూడుసార్లూ జడలమ్మ జాడలు చూసింది. మూడోసారి చాలాసేపు చూసింది.

ఆ రోజే వాలు పైన అందరూ పోగయ్యారు.

"పెద్దమ్మా, ఇది వాలా, ఈమె ఇంటి వాకిలా?" అని బుడుంగయ్య అరిచాడు. "వాలంతా తనదే అన్నట్టు ముగ్గులు పెట్టుకుంటూ పోతుంది. వెనకొచ్చేవాళ్ళు ఏమైపోవాలి?"

"వెనకొచ్చేవాళ్ళు చూసుకుని రావాలి" అంది చామంతి, ముక్కు తుడుచుకుంటూ. "నా వీపుకు కళ్ళు లేవు బుడుంగన్నా. నీకు మొహం మీద రెండున్నాయి. పొద్దున్నే వాటిని గుహలో వదిలేసి వస్తున్నావా?"

కొందరు కిసుక్కున నవ్వారు. బుడుంగయ్య మీసాలు నిక్కబొడుచుకున్నాయి.

"అందరం తిన్నగా పోతున్నాం. నువ్వొక్కదానివి తిన్నగా పోతే నీ సొమ్మేం పోయింది?"

"నేను అనుకున్న చోట ఆగగలను. నువ్వు ఆగగలవా? మడుగులో పడితే తప్ప ఆగవు. ఒకవేళ మడుగు లేకపోతే పక్క కొండ దాకా పోతావు."

"పెద్దమ్మా, చూశారా నోరు!" అంది పత్తి.

అప్పుడు కొమ్మన్న గడ్డం నిమురుకుంటూ ముందుకొచ్చాడు. మెత్తగా మాట్లాడాడు. "గొడవెందుకు? ఆమెకు వేరే చోటు ఇచ్చేద్దాం. ఆమె వంపులు ఆమె తిరుగుతుంది, మన దారిన మనం పోతాం. ఆమెకూ దెబ్బలు తగలవు, మనకూ తగలవు. ఆమె మంచికే చెబుతున్నాను."

వినడానికి ఎంత న్యాయంగా ఉందో చూడండి. అందరూ తలలూపారు.

"చోటంటే ఎక్కడ కొమ్మన్నా?" అని అడిగింది చామంతి.

"ఉత్తరం పక్క రాళ్ళ పాయ ఉంది కదా. అక్కడికి ఎవరూ రారు."

"ఎవరూ ఎందుకు రారు?"

కొమ్మన్న మళ్ళీ గడ్డం నిమురుకున్నాడు.

"నేను చెప్తాను. అక్కడ ఎండ పడదు. మంచు రాయిలా గడ్డకట్టి ఉంటుంది. మధ్యలో బండలు పళ్ళు బయటపెట్టి ఉంటాయి. మీ పిల్లల్ని అక్కడికి పంపుతారా? ఒక్కరు చెయ్యెత్తండి, ఇప్పుడే వెళ్ళిపోతాను."

ఒక్క చెయ్యి కూడా లేవలేదు. అయినా ఎవరూ మాట మార్చుకోలేదు.

అందరూ జడలమ్మ వైపు చూశారు. జడలమ్మ ఎదురుగా నలభై మొహాలున్నాయి. ఒక పక్క ఒక్క నక్క ఉంది. జాడలు ఏం చెప్పాయో జడలమ్మకు తెలుసు. కానీ ఆ మాట పైకి అంటే నలభై మందీ తిరగబడతారు. రేపు ఆమె మాట వినేవాళ్ళుండరు. మాట వినకపోతే వాలును కాచేదెలా? ఇప్పుడు ఒక్కరిని పక్కకు పంపితే గుద్దుకోవడాలు ఆగుతాయి. ఎవరి ప్రాణానికీ ముప్పుండదు. ఇలా అనుకుని ఆమె తనకు తాను సర్దిచెప్పుకుంది. తప్పు చేసే ముందు పెద్దవాళ్ళు ఇలాగే సర్దిచెప్పుకుంటారు.

"చామంతీ, రేపటి నుంచి నువ్వు రాళ్ళ పాయలో దిగు" అంది జడలమ్మ.

చామంతి ఆమె కళ్ళలోకి చూసింది. "జాడలు చూశారు కదా పెద్దమ్మా?"

"చూశాను."

"ఏం చెప్పాయి?"

జడలమ్మ తల తిప్పుకుంది. "అందరి మంచి కోసం అమ్మా."

"ఆ అందరిలో నేను లేనన్నమాట" అంది చామంతి. విరిగిన చెక్క ముక్కలు రెండూ నోట కరుచుకుని వెళ్ళిపోయింది. ఏడవలేదు. బతిమాలలేదు.

మర్నాడు తెల్లవాలు అంచున దేవదారు కొమ్మలు వరసగా పాతారు. ఇవతల తిన్నగా పోయేవాళ్ళు, అవతల చామంతి. రాళ్ళ పాయకు పిల్లలు నక్కమూల అని పేరు పెట్టారు. పెద్దవాళ్ళు వద్దనలేదు.

మొదటి పది రోజులు ఎవరూ ఎవరినీ గుద్దలేదు. "చూశారా పెద్దమ్మా, ఎంత హాయిగా ఉందో!" అన్నాడు కొమ్మన్న. జడలమ్మ కూడా నిజమే అనుకుంది.

తర్వాత వేగం పెరిగింది. అడ్డొచ్చేది పోయింది కదా, ఇక భయమెందుకు? మునుపు దిగే ముందు ఒక్కసారైనా కిందికి తొంగిచూసేవారు. ఇప్పుడు అదీ మానేశారు. పత్తి వెనక్కి తిరిగి కబుర్లు చెబుతూ జారేది. కొమ్మన్నకు కళ్ళు మూసుకోవడం ముందే అలవాటు. బుడుంగయ్య అయితే వెల్లకిలా పడుకుని, ఆకాశం చూస్తూ, పాట పాడుకుంటూ జారేవాడు.

"బుడుంగయ్యా, కిందికి చూడు!" అని జడలమ్మ పైనుంచి కేకేసేది.

"నక్క లేదుగా పెద్దమ్మా!" అని కిందనుంచి జవాబు వచ్చేది.

బుడుంగయ్యకు ఒక కూతురుంది. పేరు గవ్వ. ఆ ఏడే జారడం నేర్చుకుంది. ఒకరోజు పొద్దున గవ్వ అందరికంటే ముందు దిగింది. సగం దూరం పోయాక కాలివేళ్ళ మధ్య మంచుగడ్డ ఇరుక్కుంది. చురుక్కుమంది. వాలు మధ్యలో ఆగి కూర్చుని, వంగి, పళ్ళతో దాన్ని తీసుకుంటోంది.

పైనుంచి బుడుంగయ్య బయలుదేరాడు. వెల్లకిలా, పాడుకుంటూ.

జడలమ్మ చూసింది. "ఆగు! గవ్వ! గవ్వ ఉంది!" అని కొండ దద్దరిల్లేలా అరిచింది. గాలి ఎదురుగా వీస్తోంది. ఆ కేక ఆమె మొహానికే తిరిగొచ్చింది.

దబ్బుమని చప్పుడైంది. పాట ఆగిపోయింది.

చిన్న నల్లటి ముద్ద ఒకటి దొర్లుకుంటూ ఊట గట్టు దాకా పోయింది. లేవలేదు.

జడలమ్మ జీవితంలో మొదటిసారి మెట్లు వదిలి, తెల్లవాలు మీదుగా కిందిదాకా దిగింది. జారింది, పడింది, మోకాళ్ళ మీద ఈడ్చుకుంటూ పోయింది. ఆమె చేరేసరికి గవ్వ కళ్ళు తెరిచి ఉంది. ఊపిరి ఆడుతోంది. వెనక కాలు మాత్రం ఉండకూడని వైపుకు తిరిగి ఉంది.

"నాన్నా, నేను కింద ఉన్నాను కదా" అంది గవ్వ.

బుడుంగయ్య మంచులో మొహం దాచుకుని ఏడ్చాడు. "నాకు కనబడలేదు పెద్దమ్మా. ఒట్టు, నాకు కనబడలేదు."

దేవదారు పుల్లలు వేసి గవ్వ కాలికి కట్టు కట్టారు. తర్వాత జడలమ్మ వాలు మధ్యకు ఎక్కి జాడలు చూసింది. అందరినీ అక్కడికే పిలిచింది.

"ఇది గవ్వ జాడ. ముందుంది. ఇది నీ జాడ బుడుంగయ్యా. వెనకనుంచి వచ్చింది. ఎక్కడా పక్కకు తిరగలేదు. ఎక్కడా నెమ్మదించలేదు." ఆమె తల ఎత్తి అందరినీ చూసింది. "ఇక్కడ నక్క లేదు కదా. ఇప్పుడు ఎవరిని వెళ్ళగొడదాం? నీ కూతుర్నా?"

కొమ్మన్న చెయ్యి గడ్డం వైపు పోలేదు.

"చామంతిని గుద్దిన మూడుసార్లూ జాడలు ఇదే చెప్పాయి. నేను చదివాను. చదివి, మీ నలభై మందికి భయపడి నోరు మూసుకున్నాను. గవ్వ కాలు విరగ్గొట్టింది బుడుంగయ్య ఒక్కడే కాదు. నేనూ విరగ్గొట్టాను."

అక్కడినుంచి ఆమె ఒంటరిగా రాళ్ళ పాయకు వెళ్ళింది. చామంతి కొత్త చెక్క మీద బండల మధ్యనుంచి దిగుతోంది. మోచేతుల నిండా గీరుకుపోయిన గాయాలే. జడలమ్మను చూసి ఆగింది. ఎక్కడ ఆగాలనుకుందో అక్కడే ఆగింది.

"తిరిగి రా అమ్మా" అంది జడలమ్మ.

"ఎందుకు? జాలి కలిగిందా, భయం వేసిందా?"

"సిగ్గేసింది."

జడలమ్మ జరిగిందంతా చెప్పింది. గవ్వ సంగతి విన్నాక చామంతి చెక్క దిగి మంచులో కూలబడింది. "పిల్ల బతుకుతుందా?"

"బతుకుతుంది. కాలు మాత్రం మునుపటిలా రాదు."

"పెద్దమ్మా, ఒక మాట చెప్తాను వినండి. వేరే చోటు ఉంటే నాకేం చేదు కాదు. తెల్లవాలు మీదే ఎడమ పక్క వెడల్పుగా, ఎండ తగిలే చోటుంది. వంపులు నేర్చుకునేవాళ్ళకి పొద్దున కాసేపు అది వదిలిపెట్టండి. ఇష్టమైతే అక్కడికి పోతాం, లేకపోతే అందరితో కలిసి దిగుతాం. మీరు నాకిచ్చింది చోటు కాదు. నన్ను పారేసిన చోటు. సరే, నన్ను ఎక్కడైనా పెట్టండి. పైనుంచి వచ్చేవాడు చూడకుండా వస్తే మాత్రం ఎవరో ఒకరు చస్తారు."

"నీ మాటే తీర్పు" అంది జడలమ్మ.

మర్నాడు పొద్దున్నే జడలమ్మ, వాలు అంచున పాతిన కొమ్మలన్నీ తన కొమ్ములతోనే పెకలించింది. వాలు పైన నిలబడి అందరికీ వినబడేలా చెప్పింది.

"ముందున్నవాళ్ళదే దారి. తిన్నగా పోతున్నా సరే, వంపు తిరుగుతున్నా సరే, కూర్చున్నా సరే, పడిపోయినా సరే. చూసుకునే పని వెనకొచ్చేవాళ్ళది. పొద్దున కాసేపు ఎడమ పక్క వంపులు నేర్చుకునేవాళ్ళది. చూడకుండా జారినవాళ్ళు వారం రోజులు మెట్ల మీద నడిచి దిగాలి."

"నడిచా?" అని పత్తి గొణిగింది.

"ఏం, దేవుడు నాలుగు కాళ్ళిచ్చాడుగా" అంది జడలమ్మ. ఆ రోజు ఆమె ఎవరి మొహం వైపూ చూసి మాట మింగలేదు.

ముందుగా చామంతి దిగింది. ఈ చివర నుంచి ఆ చివరకి, ఒళ్ళు వాల్చి, తోకతో మంచు ఊడుస్తూ. ఆమె తర్వాత వంతు బుడుంగయ్యది. అతను అంచున పొట్ట ఆనించి పడుకున్నాడు. కదలలేదు. అతని వెనక వరస పెరిగింది.

"కానీ బుడుంగన్నా, ఆకలేస్తోంది!" అని పత్తి వెనకనుంచి తోసింది.

"ఉండు. ఆమె వీపు మనవైపుంది" అన్నాడు బుడుంగయ్య.

కింద ఊట గట్టున, కాలికి కట్టుతో, గవ్వ తల ఎత్తి పైకి చూస్తోంది. చామంతి వంపు పూర్తిచేసి ఇటు తిరిగింది. ఇంకొక వంపు తీసుకుంది. ఇంకొకటి. మడుగు పక్కన ఆగింది. అప్పటిదాకా బుడుంగయ్య రెప్ప వెయ్యలేదు. వరసలో ఎవరూ మళ్ళీ తొందరపెట్టలేదు.

నీతి: ఒక్కరిని వెళ్ళగొట్టినంత మాత్రాన అపాయం పోదు, ముందున్నవాళ్ళను చూసుకుని నడవడం వెనకవాళ్ళ బాధ్యత, చూసిన నిజాన్ని భయపడకుండా చెప్పడం పెద్దవాళ్ళ బాధ్యత.