మోకాలి మన్ను

మీరేం చూశారో చెప్పండి. విన్నది వద్దు, పక్కవాడు అరిచింది వద్దు. మీ రెండు కళ్ళతో చూసింది చెప్పండి.

చెప్పలేరు. మీరు అక్కడ లేరు. సరే, ఉన్నవాళ్ళు మాత్రం ఏం చెప్పారు?

పెన్నగిరిలో ఆరోజు నడిమి తూకం ముష్టియుద్ధం. రాజుగారి త్రాసులో నడిమి గుండుకు సరితూగిన వీరులే అందులో దిగాలి. ఎవడి మోకాలు గోదా మట్టిని తాకితే వాడు ఓడినట్టు. గెలిచినవాడికి వెండి కడియం. తీర్పు చెప్పేది రాజు వీరభూపతి ఒక్కడే.

ఒకవైపు రాళ్ళు కొట్టుకుని బతికే మాచయ్య. అప్పటికే రెండుసార్లు ఓడాడు. మూడోసారి ఓడినవాడు మళ్ళీ గోదాలో కాలు పెట్టకూడదు. రెండోవైపు నిరుటి వీరుడు శరభయ్య. అతన్ని పోషించేది మంత్రిగారి బావమరిది కేశవరాయుడు. జరీ కండువా అంచు నేలమీద ఈడ్చుకుంటూ నడిచే మనిషి.

ఆఖరికి ఇద్దరూ ఒకేసారి పిడికిలి విసిరారు. జనం లేచారు, ఎర్రదుమ్ము లేచింది. సరిగ్గా అప్పుడే రాజుకు తుమ్ము వచ్చింది. కళ్ళు తెరిచేసరికి వీరులిద్దరూ నిలబడే ఉన్నారు. కేశవరాయుడు గోదాలోకి దూకి, శరభయ్య కాళ్ళు వాటేసుకుని "గెలిచాం! గెలిచాం!" అని కేకలు పెడుతున్నాడు. ఆ వెంటనే గోదా పనివాళ్ళు వీరులిద్దరి మీదా బిందెలతో నీళ్ళు గుమ్మరించేశారు. ఇక మోకాళ్ళు చూసి లాభం లేదు.

ఇంకేముంది, గోల!

"మాచయ్య మోకాలు మూరెడు దిగబడింది!"

"నీ కళ్ళు దిగబడ్డాయి! పడింది మీవాడే!"

"మీవాడి ఎడమచేతి దెబ్బ చూశాంలేవోయ్, దోమను తోలినట్టుంది!"

"తూకానికి దిగాలని మీవాడు నాలుగురోజులు ఉత్త గంజి తాగాడు. అడుగులు తడబడక ఏం చేస్తాయి!"

రాజు విసిగిపోయాడు. "నేను తుమ్మాను సరే, ఊరంతా తుమ్మిందా? నిజం తేల్చినవాళ్ళు ఏం కోరితే అది ఇస్తాను. పొద్దు వాలేలోగా తేలకపోతే కడియం నిరుటి వీరుడిదే!"

గోదా మట్టి కలిపే కోనమ్మ ఆ మాట విని ఉలిక్కిపడింది. ఎర్రమట్టి జల్లించి, నూనె, మజ్జిగ, పసుపు పోసి తొక్కడం నలభై ఏళ్ళుగా ఆమె పని. ఆ మన్ను ఒంటికి అంటితే నీళ్ళతో పోతుంది, బట్టకు అంటితే చాకిరేవుకు పదిసార్లు వేసినా పోదు. జనం వెనక నిలబడ్డ ఆమెకు కూడా ఆ ఆఖరి దెబ్బ కనపడలేదు. మాచయ్య దగ్గరికి నడిచింది.

"ఒరే మాచా, నీ మోకాలు తాకిందా?"

"లేదవ్వా."

కోనమ్మకు అంతే చాలు. ఓడిన రెండుసార్లూ ఎవరూ అడక్కుండానే "తాకింది ప్రభూ" అని తలవంచుకున్నవాడు మాచయ్య.

అప్పుడామె కేశవరాయుడి వైపు చూసింది. నేలమీద ఈడ్చుకుపోవలసిన కండువా ఇవాళ ఉండచుట్టి చంకలో ఉంది. అది విప్పి చూపమని మట్టి తొక్కే మనిషి అడగగలదా? అడిగినా, గోదాలో దూకాను కాబట్టి అంటింది అంటాడు. ఆయన నోటితోనే చెప్పించాలి.

కోనమ్మ ముందుకొచ్చి దణ్ణం పెట్టింది. "ప్రభూ, దొరవారు పెద్దలు, వారి మాటే నిజం చేయండి. కడియం శరభయ్యకే ఇప్పించండి."

"చూశారా! ముసలమ్మకు కూడా తెలిసింది!" కేశవరాయుడు రొమ్ము విరిచాడు.

"అయితే ప్రభూ, తమ తాతగారి కట్టడి కూడా జరిపించాలి."

"ఏం కట్టడి అవ్వా?" అన్నాడు రాజు.

"తగువు పడ్డ కడియం తీసుకున్నవాడు ఆ పూటే పెద్ద తూకం వీరుడితో తలపడాలి. వాడికి ఓపిక లేకపోతే, వాడి తరఫున సాక్ష్యం చెప్పినవారు దిగాలి."

అందరూ పెద్ద తూకం ఓబులేసు వైపు తిరిగారు. ఓ మూల కూర్చుని, కొబ్బరికాయను పిడికిలితో పగలగొట్టుకుని తింటున్నాడు. తన మాట వినపడగానే చేతులు దులుపుకుని లేచాడు.

వాచిన కన్ను మూసుకుని శరభయ్య చతికిలబడ్డాడు. "నా వల్ల కాదు దొరా. తమరే కానివ్వండి."

కేశవరాయుడి మొహం పాలిపోయింది. "ప్రభూ, ఇప్పుడు గుర్తొస్తోంది... శరభయ్య మోకాలు... కాస్త తాకినట్టే ఉంది."

"భయపడి అంటున్నావు రాయుడూ. నేను నమ్మను. ఓబులేసూ, దిగు!"

ఓబులేసు ఒక్క అడుగు వేశాడు. కేశవరాయుడు చంకలోని కండువా లాగి రాజు ముందు పరిచేశాడు. జరీ అంచు పొడవునా ఎర్రటి మన్ను.

"ఇదిగో ప్రభూ ఆధారం! వాడి మోకాలి మన్ను నా చేతులతో నేనే తుడిచాను!"

తన నోటి నుంచి ఏం వచ్చిందో కేశవరాయుడికి అప్పుడు తెలిసింది.

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. "అవ్వా, మా తాతగారు ఆ కట్టడి ఎప్పుడు పెట్టారు?"

"ఆయన పెట్టలేదు ప్రభూ. తమరు తుమ్మాక నేనే పెట్టాను."

గోదా చుట్టూ నవ్వులే నవ్వులు. ఓబులేసు కూడా నవ్వి మళ్ళీ కొబ్బరి ముందు కూర్చున్నాడు. రాజు తన చేత్తోనే మాచయ్యకు కడియం తొడిగాడు.

"నీకేం కావాలో కోరుకో అవ్వా."

"నా జల్లెడ చిరిగింది ప్రభూ. ఆ జరీ కండువా ఇప్పించండి, మన్ను జల్లించుకుంటాను. ఎలాగూ అది ఇక దొరవారికి పనికిరాదు."

నవ్వినవాళ్ళలో సగంమంది, అంతకుముందు గొంతు చించుకుని శరభయ్య పడలేదన్నవాళ్ళే.

ఇప్పుడు చెప్పండి. మీరు మెచ్చినవాడి మోకాలికి మన్నంటితే, చూశామంటారా, తుడుస్తారా?