అరవై జతల ఎద్దులు, ఒక రాతి తొట్టి

వానలు ముఖం చాటేసే మెట్టసీమలో నల్లశిలాపురమని ఒకానొక రాజ్యం ఉండేది. దాన్ని ఉద్దండ భూపతి ఏలేవాడు. ఆయన చెడ్డవాడేం కాదు. కాకపోతే లోకంలో గొప్పదేది కనబడినా అది తన కోసమే పుట్టిందనుకునేవాడు.

పట్నం తూర్పు వాకిట పశువుల నీళ్ల తొట్టి ఒకటుండేది. ఒకే నల్లరాతిలో తొలిచినది. ముప్పై మూరల పొడవు. ఓబన్న అనే ముసలివాడు పక్కనున్న బావి నుంచి మోట తోలి దాన్ని నింపేవాడు. సముద్రం వైపు నుంచి ఉప్పు మోసుకొచ్చే ఎద్దులకు ఆరు ఆమడల దారిలో దొరికే మొదటి నీళ్లు అవే.

ఒక వేసవిలో ఊరేగింపుగా వస్తూ రాజు ఆ తొట్టిని చూశాడు.

"ఆహా! ఇంతటి శిల గొడ్ల మూతుల పాలా! మా ఉద్యానవనానికి చేర్చండి. ఇక ఇది మా జలకాల తొట్టి!"

"ప్రభూ, ఎండాకాలం... నోరులేని జీవాలు..." అని మంత్రి నసిగాడు.

"అడ్డు చెప్పినవాడు పొలిమేర దాటాలి."

మంత్రి తలవంచుకుని వెనక్కి జరిగాడు. ఓబన్న మోట తాడు వదిలేసి నేల మీద కూలబడ్డాడు.

అప్పుడు ముప్పన ముందుకొచ్చాడు. కొలువులో మాటకారి అతను.

"ఆ పని నాకు అప్పగించండి, మహాప్రభూ. అయితే అంతటి ఘనకార్యం ఏలినవారి కళ్లెదుటే జరగాలి."

రాజు పొంగిపోయాడు. ఆయన అటు వెళ్లగానే ఓబన్న మండిపడ్డాడు. "నువ్వూ ఇంతేనా అయ్యా!"

"బావిలో నీళ్లు బాగా ఉన్నాయా, ఓబన్నా? రేపు చాలా కావాలి" అన్నాడు ముప్పన.

మర్నాడు మధ్యాహ్నానికి తొట్టి ఖాళీ చేశారు. కింద దుంగలు దోపారు. పల్లెల నుంచి తెల్లవారుజామునే బయలుదేరి నడిచొచ్చిన అరవై జతల ఎద్దులను మోకులకు కట్టారు. జనం గోడలెక్కి చూస్తున్నారు.

"హై!" అని అదిలించారు. ఒక్క ఎద్దూ అడుగు వేయలేదు. అన్నీ మెడలు తిప్పి తొట్టి వైపే చూస్తున్నాయి.

"కదలవేం?" అని రాజు గద్దించాడు.

"దాహం, ప్రభూ" అన్నాడు ముప్పన.

"అయితే తాగించు!"

"చిత్తం. ఎందులో?"

రాజు చుట్టూ చూశాడు. ఇంకేముంది అక్కడ? "ఆ తొట్టిలోనే పోయించు!" అన్నాడు విసుగ్గా.

ఓబన్న మోట తోలాడు. నీళ్లు రాతి మీద పడి మెరిశాయి. వంతులవారీగా ఎద్దులు వంగాయి. అంతటి వాకిట్లో నీళ్లు గుటకలేసే చప్పుడు తప్ప మరేదీ వినబడలేదు. ఇంతలో రాజు ఎక్కివచ్చిన పట్టపుటేనుగు మావటివాణ్ణి లెక్కచేయక వచ్చి, చాకలివాళ్ల గాడిద పక్కన నిలబడి తొండం ముంచింది. గాడిద కాస్త జరిగి చోటిచ్చింది.

రాజు చేతులు వాటంతటవే జోడయ్యాయి. ఆయన ఎన్నో దండయాత్రలు చూశాడు గానీ, ఇన్ని ప్రాణాలు ఒక్కచోట తేరుకోవడం ఎన్నడూ చూడలేదు.

ఎద్దులన్నీ తలలెత్తాక మెల్లగా అడిగాడు. "ఇప్పుడు లాగుతాయిగా?"

"లాగుతాయి, ప్రభూ. ఈ పూటకి నూరు బారలు. రేపు మళ్లీ దాహమవుతుంది. అప్పటికి తొట్టి బావిని వదిలి వచ్చేసి ఉంటుంది. ఈ లెక్కన ఉద్యానవనం పది రోజుల దారి. అందుకని బావిని కూడా లాక్కెళ్లడానికి సెలవిప్పించండి. దానికెన్ని ఎద్దులు కట్టాలో మాత్రం తెలియడం లేదు."

రాజు అతని ముఖంలోకి చూశాడు. మంత్రి కళ్లు మూసుకున్నాడు. అంతలో రాజు పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు.

"గెలిచావయ్యా! మోకులు విప్పండి. తొట్టి ఇక్కడే ఉంటుంది." అంటూ తన బంగారు కడియం తీసి ముప్పన చేతికి తొడిగాడు. "ఇంకేం కావాలి?"

"మేకలకూ కుక్కలకూ ఈ అంచు అందదు, ప్రభూ. పక్కన పొట్టి తొట్టి ఒకటి కావాలి."

"ఒక్కటేమిటి, నాలుగు వాకిళ్లలోనూ కట్టిస్తాను."

నెల తిరిగేసరికి మొదటి పొట్టి తొట్టి తయారైంది. రాజు పట్టుబట్టలు కట్టుకుని వచ్చి తొలి బిందె తన చేత్తోనే పోశాడు. ఎక్కడి నుంచో ఒక బక్కచిక్కిన వీధికుక్క వచ్చింది. కడుపునిండా తాగింది. తొట్టిలో దిగి మునిగింది. బయటికొచ్చి రాజు పక్కనే నిలబడి ఒళ్లంతా విదిలించింది.

భటులు ఊపిరి బిగబట్టారు.

"ఓబన్నా, మన అతిథికి ఇంకో బిందె పొయ్యి" అన్నాడు రాజు, ముఖం తుడుచుకుంటూ.